రేగొండ బస్సెక్కితే అంగ్‌కోర్!

'టూంబ్ రైడర్' చూశారా? చూసే వుంటారు. 2001లో వచ్చిన ఇంగ్లీషు సినిమా. ఏంజలీనా జోలీ ఒక పాడుపడిన గుడిలోకి నడిచి వస్తుంది. గుడి గోడల్ని బ్రహ్మాండమైన చెట్ల వేళ్ళు కొండచిలువల్లా చుట్టేసుకుని వుంటాయి. హాల్లో నా పక్క సీటు కుర్రాడు "ఏం సెట్టింగ్‌రా బాబూ!" అని ఈల వేశాడు.

అది సెట్టింగ్ కాదండీ! కంబోడియా దేశంలో అంగ్‌కోర్ దగ్గరున్న 'తా ప్రోమ్' అనే నిజమైన గుడి. 1186లో ఏడవ జయవర్మ అనే ఖ్మేర్ చక్రవర్తి తన తల్లి పేరు మీద కట్టించాడు. ఆ గుడిలో దొరికిన శాసనంలో అక్కడుండే జనం లెక్క కూడా వుంది. మొత్తం 12,640 మంది. వాళ్ళలో నాట్యకత్తెలే 615 మంది! ఒక్క గుడికి ఆరువందల పదిహేనుమంది! మన సినిమా గ్రూప్ డాన్సుల్లో ఎందరుంటారో మీరే లెక్కేసుకోండి.

ఈ లెక్కనే నేనొకసారి రేగొండ మిత్రుడి ముందు గొప్పగా చెబుతున్నాను. అతగాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "కంబోడియా దాకా ఎందుకన్నా? మా ఊరి బస్సెక్కు, చాలు" అన్నాడు.

ఎక్కాను.

సీటు దొరకని బస్సు

హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి పోయే ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు టికెట్టు లేదు గదా, ఇక నాలాంటి మగవాళ్ళకి సీటు ఆశ కూడా లేదు. ఒక అవ్వ తన పక్కనున్న పల్లీల సంచి ఒళ్ళో పెట్టుకుని, "ఈడ కూసో బిడ్డా, ఎంతసేపు నిలవడ్తవ్" అని జాగా ఇచ్చింది. రేగొండకెందుకని అడిగింది. గుళ్ళు చూడటానికన్నాను. "గుళ్ళు సూడనీకె పట్నం నుంచి వచ్చినవా?" అని నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపులో జాలి వుంది.

మాఘమాసం. రోడ్డుకి అటూ ఇటూ పత్తి చేలు ఆఖరి ఏరుడులో వున్నాయి. కల్లాల్లో మిర్చి ఆరబోశారు. దూరం నుంచి చూస్తే నేలకి ఎర్ర తివాచీ పరిచారా అనిపిస్తుంది. దగ్గరకి వెళితే మాత్రం తుమ్ములు! మన కెమెరామన్లకి ఈ ఎరుపు కనబడలేదో, తుమ్ములకి భయపడ్డారో గాని, ఈ దృశ్యం తెరమీద ఎక్కువగా చూసిన గుర్తు లేదు.

మిత్రుడి ఇంట్లో అమ్మ సర్వపిండి పెట్టింది. గిన్నె అడుగున ఒత్తి, చిల్లులు పొడిచి, నూనె పోసి కాల్చిన బియ్యప్పిండి రొట్టె. నువ్వులు, పల్లీలు పంటికింద కరకరలాడుతుంటే ఒకటనుకున్నది మూడయింది.

తెల్లారి ముందుగా పాండవుల గుట్టకి. రేగొండ మండలంలోనే వుంది. ఇసుకరాతి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. 'ఎదురు పాండవులు', 'గొంతెమ్మ గుట్ట' అని ఒక్కో చోటికీ ఒక్కో పేరు. గొంతెమ్మ అంటే మరెవరో కాదు, కుంతీదేవి! ఆ బండల నీడల్లో ఎర్ర రంగుతో దున్నలు, జింకలు, పులులు గీసి వున్నాయి. గీసింది పాండవులు కాదు లెండి. అక్షరమనేది పుట్టకముందు అక్కడ తలదాచుకున్న వేటగాళ్ళ నాటి నుంచి మొదలైన బొమ్మలవి. పరిశోధకుల కంటబడింది మాత్రం 1990లో. అంతదాకా వాటిని చూసినవాళ్ళు మేకల కాపర్లే. వాళ్ళెవరూ ఆశ్చర్యపోయి వుండరు.

చెరువే ముందు, గుడి తర్వాత

అక్కడినుంచి ఆటోలో గణపురం. ఊరికి ముందు చెరువు. నిజం చెప్పొద్దూ, గుడి కోసం వెళ్ళిన నేను చెరువు దగ్గరే అరగంట నిలబడిపోయాను. కాకతీయుల కాలంనాటి చెరువది. గుట్టల నడుమ కట్ట వేసి ఆపిన నీళ్ళు ఈ క్షణంలో కూడా తూముల గుండా పొలాల్లోకి పోతున్నాయి. కట్ట కింద యాసంగి నాట్లు. మోకాటిలోతు బురదలో ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటేస్తున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. నేను కట్టమీద నిలబడి సెల్‌ఫోన్ ఎత్తేసరికి పాట ఆగిపోయింది. "ఫోటువలు తర్వాత దిగొచ్చు గని, ఒక్క సాలు నాటేసి పో అన్నా!" అని ఒకామె అంటే మడి మడంతా నవ్వింది. ఫోను జేబులో పెట్టుకున్నాను.

అంగ్‌కోర్‌లో కూడా సరిగ్గా ఇంతే. అక్కడ 'బరాయ్' అంటారు. పశ్చిమ బరాయ్ అనే చెరువు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు. ముందు నీళ్ళు ఆపాలి, ఆ నీళ్ళతో వరి పండాలి, ఆ వడ్లతో శిల్పికి కూలి ముట్టాలి. అప్పుడుగదా రాయి నాట్యం చేసేది! ఇక్కడ కాకతి గణపతిదేవుడు రాజ్యం చేసింది 1199 నుంచి 1262 దాకా. అక్కడ ఏడవ జయవర్మ 1181లో గద్దెనెక్కి సుమారు 1218 దాకా ఏలాడు. అంటే ఇద్దరూ కొన్నేళ్ళపాటు ఒకే కాలంలో, సముద్రానికి చెరోవైపు, ఒకే పని చేస్తున్నారన్నమాట. ఒకరి సంగతి ఒకరికి తెలుసా అంటే, అది కథ రాసుకునేవాళ్ళకి వదిలేద్దాం.

పోలిక చెరువుతో ఆగలేదు. గట్టున తాటిచెట్టు మీదినుంచి ఒక గౌడన్న దిగుతున్నాడు. మోకు, ముత్తాదు, వెనక లొట్టి. నేనాయనకి నా ఫోన్లో కంబోడియా ఫోటో ఒకటి చూపించాను. అక్కడా ఇదే తాటిచెట్టు. ఆ దేశానికది జాతీయ వృక్షం! అక్కడా గీసేవాళ్ళున్నారు. నీరా కాచి బెల్లం చేస్తారు. కాకపోతే చెట్టుకి వెదురు గడ కట్టుకుని దానిమీదుగా ఎక్కుతారు. గౌడన్న ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి పరీక్షగా చూశాడు. "గడ ఎక్కుడు అల్కనే. గని మా పోరగాండ్లు మోకుతోని గూడ ఎక్కుతలేరు సార్. నా కొడుకు పట్నంల డ్రైవరు. నా తర్వాత ఈ చెట్టుకు మనిషి లేడు" అన్నాడు. ఏదో అడగబోయి నేను ఊరుకున్నాను. ఆయన తాటాకు దొప్పలో పోసిన కల్లు సంగతి మాత్రం మన ఎడిటర్‌గారికి చెప్పకండి.

కోటగుళ్ళు

గణపురం గుళ్ళని కోటగుళ్ళు అంటారు. చుట్టూ రెండు వరసల రాతి ప్రాకారం వుంది గనుక ఆ పేరు. లోపల చిన్నా పెద్దా కలిపి ఇరవై రెండు గుళ్ళు. నడుమనున్న పెద్ద గుడి గణపేశ్వరాలయం. ఇప్పటికీ శివుడికి దీపం పెడుతున్నారు.

గడప దాటగానే మొదట కనబడింది గుడి కాదు, రాళ్ళు. పడిపోయినవి, పక్కకి ఒరిగినవి, వరసగా పేర్చిపెట్టినవి. ఒక చోట సగం పద్మం, ఇంకోచోట ఒక్క చెయ్యి. ఆ చేతిలో ఏముందో, ఆ చెయ్యి ఎవరిదో! సభామండపం స్తంభాలు మాత్రం నిలబడి వున్నాయి. బయట చూరు కింద గజకేసరి బొమ్మలు. ఏనుగు మీద సింహం ముఖమున్న వింత జంతువు ఎక్కి కూచుంటుంది. మన ట్రిక్ ఫోటోగ్రఫీ నిపుణులు ఒకసారి వచ్చి చూసిపోతే మంచిది.

పడిపోయిన రాళ్ళని చూస్తే నాకు బఫువాన్ గుర్తొచ్చింది. అదీ అంగ్‌కోర్‌లోనే. కూలిపోతున్న ఆ గుడిని తిరిగి నిలబెట్టాలని 1960లో ఫ్రెంచివాళ్ళు రాయి రాయీ విడదీశారు. సుమారు మూడు లక్షల రాళ్ళు! ఏ రాయి ఎక్కడిదో కాగితాల మీద రాసుకుని అడవిలో పరిచారు. ఇంతలో యుద్ధం వచ్చింది. పని ఆగింది. 1975లో ఖ్మేర్ రూజ్ వచ్చాక ఆ కాగితాలే పోయాయి. ఇక చూసుకోండి, మూడు లక్షల ముక్కల బొమ్మల ఆట, దానికి నమూనా లేదు! 1995లో మళ్ళీ మొదలెట్టి 2011కి పూర్తిచేశారు. మొదలెట్టినప్పటినుంచి లెక్కేస్తే యాభై ఏళ్ళు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పారు. 2024 మార్చి 8న, శివరాత్రినాడు మళ్ళీ జనానికి తెరిచారు. విప్పినప్పుడు పుట్టిన పిల్ల, తెరిచేనాటికి డిగ్రీలో చేరే వయసుకొచ్చింది. సినిమా ఆలస్యమైందని నిర్మాతని తిట్టుకుంటాం గాని!

ముగ్గురమ్మాయిలు, ఒక భంగిమ

కోటగుళ్ళలో నాకంటే ముందే ముగ్గురమ్మాయిలున్నారు. ఇంటర్ చదువుతున్నవాళ్ళు. ఫోనుని ఒక రాతిమీద ఆనించి, ఏదో కొత్త సినిమా పాటకి అడుగులేస్తున్నారు. 'ఈ కాలం పిల్లలు' అని సణిగే వయసు నాకింకా రాలేదు గనుక పక్కన కూచుని చూశాను. బాగానే వేస్తున్నారు. పాట అయిపోయాక ఒకమ్మాయి మండపం దగ్గరికి వెళ్ళి స్తంభం మీది చిన్న నర్తకి బొమ్మ ముందు నిలబడింది. ఒక కాలు మడిచి, నడుము ఒకవైపు ఒంచి, చెయ్యి తలమీదుగా తిప్పింది. అచ్చం బొమ్మలాగే. అలా ఎంతసేపుందో! స్నేహితురాళ్ళు "ఇగ చాల్తియ్యే, బస్సు పోతది" అంటున్నా కదల్లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"నేర్చుకోలే సార్. రామప్పల బొమ్మల చూసి ఇంట్ల అద్దంల చేస్త."

"పేరిణి పేరు విన్నావా?"

"విన్న సార్. స్కూల్ల ఉన్నప్పుడు శివరాత్రికి రామప్పల చూసిన. మగవాళ్ళు చేసిండ్రు. ఆడోళ్ళు చెయ్యొద్దా సార్?"

చెయ్యొచ్చని చెప్పాను. పేరిణి తాండవంతోపాటు పేరిణి లాస్యం కూడా వుంది. ఆ మాట వినగానే ఆ పిల్ల ముఖంలో వచ్చిన వెలుగుని నేను వర్ణించలేను. అయితే వెంటనే లెక్కలు మొదలెట్టింది. నేర్పేవాళ్ళుండేది వరంగల్లులో. కాలేజీ అయ్యాక వెళితే తిరిగి రావడానికి బస్సు లేదు. హాస్టల్లో వుంటే ఖర్చు. ఈ ఏడు పత్తికి వచ్చిన డబ్బు మందుల కొట్టు బాకీకే సరిపోయింది. "అమ్మ ఒప్పుకుంటది సార్, నాయినే..." అని ఆగిపోయింది.

ఆ అమ్మాయి నిలబడ్డ ఆ భంగిమ వెనక ఒక పెద్ద కథ వుంది. చెబుతాను వినండి.

రామప్ప చెప్పే ఫ్లాష్‌బ్యాక్

గణపురానికి దగ్గరలోనే పాలంపేట. అక్కడ రామప్ప గుడి. అసలు పేరు రుద్రేశ్వరాలయం. 1213లో రేచర్ల రుద్రుడు అనే సేనాని కట్టించాడు. ఈ రుద్రుడి కథ సినిమాకి తగ్గది. గణపతిదేవుడు చిన్నవయసులో దేవగిరి యాదవులకి బందీగా చిక్కాడు. రాజు లేని రాజ్యం. సామంతులు తలెగరేస్తున్నారు. అప్పుడు కత్తి పట్టి సింహాసనాన్ని కాపాడినవాడు రుద్రుడు. తను ఎక్కి కూచోవచ్చు, అడిగేవాడు లేడు. కూచోలేదు! రాజు విడుదలై వచ్చాక రాజ్యం రాజుకే అప్పగించాడు. 2015లో 'రుద్రమదేవి' వచ్చి గోన గన్నారెడ్డిని ఇంటింటికీ పరిచయం చేసింది గదా, మరి ఈ రుద్రుణ్ణి ఎవరు పట్టించుకుంటారో చూడాలి.

రామప్ప గురించి మీకు తెలియనిదేముంది? నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం. ఇసుక నింపిన పునాది. లోపల నేల ఇప్పుడు అలలు తేలినట్టు ఎగుడుదిగుడుగా వున్నా గుడి నిలబడే వుంది. గర్భగుడి పక్కన మీటితే స్వరాలు పలికే రాయి. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. అంగ్‌కోర్‌కి ఆ గౌరవం 1992లోనే దక్కింది.

కాని మీరు తలెత్తి చూరు కింద నల్లరాతి మదనికల్ని చూడండి. అద్దంలా నునుపు. ఒకామె ఎత్తు మడమల చెప్పులేసుకుంది. ఎనిమిదివందల ఏళ్ళనాటి ఫ్యాషన్! ఒకామె పాదంలో ముల్లు తీయించుకుంటోంది. ఒకామె ఒంటికి పాము చుట్టుకుంది. ఇక తలుపుల పక్కన, స్తంభాల మీద మద్దెలలు వాయించేవాళ్ళు, అడుగులేసేవాళ్ళు. అంగ్‌కోర్‌లో బయోన్ అనే గుడి గోడలమీద ఇలాగే జనమంతా వుంటారు. బజారులో అమ్మేవాళ్ళు, వంటచేసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, చివరికి కోడిపందేలాడేవాళ్ళు కూడా! మన సంక్రాంతి అక్కడికెలా వెళ్ళిందో మరి.

ఈ రామప్ప బొమ్మలు చేసే నాట్యం ఒకప్పుడు మనుషులు చేసినదే. గణపతిదేవుడి గజసేనాధిపతి జాయపసేనాని. యుద్ధంలో ఏనుగుల్ని నడిపినవాడు సంస్కృతంలో 'నృత్తరత్నావళి' అనే నాట్యగ్రంథం రాశాడు! 1253–54 ప్రాంతంలో పూర్తయింది. అందులో పేరిణి వుంది. యుద్ధానికి పోయే వీరులు శివుడి ముందు చేసే ఆట. 1323లో ఓరుగల్లు పడింది. రాజు లేడు, గుడికి మాన్యం లేదు, ఆడేవాడు లేడు. పేరిణి పోయింది. ఆరువందల ఏళ్ళకు పైగా అది పుస్తకంలో అక్షరంగానూ, రామప్పలో రాయిగానూ మాత్రమే మిగిలింది.

దాన్ని లేపినవారు నటరాజ రామకృష్ణ. జాయప పుస్తకం ఒకచేత పట్టుకుని, రామప్ప బొమ్మల ముందు నిలబడి, ఈ భంగిమ తర్వాత ఏది, ఈ కాలు తర్వాత ఏ చెయ్యి అని ఒక్కొక్కటే కూర్చుకుంటూ పేరిణి శివతాండవాన్ని మళ్ళీ రంగస్థలమెక్కించారు. విచిత్రమేమిటంటే ఆయన 1923లో పుట్టింది ఇండొనీషియాలోని బాలి దీవిలో! 2011లో హైదరాబాదులో కన్నుమూశారు.

మరి ఖ్మేర్ నాట్యం? అది అంత పాత సంగతి కూడా కాదు. మన అమ్మానాన్నల కాలంలో జరిగింది. కంబోడియాకి అప్పుడొక సినిమా పరిశ్రమ వుండేది. దేశాధినేత నరోదమ్ సిహనూక్ స్వయంగా సినిమాలకి దర్శకత్వం వహించేవాడు! ఆయన కూతురు బుప్పాదేవి రాజాస్థానంలో అప్సర నాట్యానికి తార. 1975లో ఖ్మేర్ రూజ్ వచ్చారు. నగరాలు ఖాళీ చేయించారు. సినిమా తారలు, గాయకులు, నర్తకులు ఎంతోమంది ఆ నాలుగేళ్ళలో చనిపోయారు. ఆ రోజుల్లో తీసిన సినిమాలు చాలావాటికి ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. 1979 తర్వాత బతికి బయటపడిన కొద్దిమంది నర్తకులు ఒకచోట చేరి, నీకు ఏ అడుగు గుర్తుంది, నాకు ఏ అడుగు గుర్తుంది అని పోగుచేసుకుని పిల్లలకి నేర్పడం మొదలెట్టారు. అంగ్‌కోర్ గోడమీద రాతి అప్సరసలు మొత్తం చూస్తూనే వున్నారు. కాని రాయి నేర్పలేదు గదండీ! ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ మధ్య ఏం జరుగుతుందో రాతిమీద వుండదు. అది గురువు ఒంట్లో వుంటుంది.

ఖ్మేర్ నాట్యానికి వంతెనగా నలుగురైదుగురైనా మనుషులు దొరికారు. పేరిణికి ఆ అదృష్టం కూడా లేదు. రామకృష్ణగారికి దొరికింది ఒక పుస్తకమూ, ఒక గుడీ. ఆయన చేతిలో తయారైన శిష్యులూ, వాళ్ళ శిష్యులూ ఇవాళ పేరిణిని ఆడుతున్నారు. నేర్చుకునేవాళ్ళు ఊళ్ళలో వున్నారు. నేర్పేవాళ్ళు నగరంలో వున్నారు. నడుమ ఒక బస్సు లేదు.

ఆఖరి బస్సు

రామప్ప నుంచి మళ్ళీ రేగొండ చేరేసరికి దీపాలు పెట్టేశారు. మిత్రుడి తల్లి మిర్చికల్లం మీద పట్టా కప్పి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ "ఏం జూసినవ్ బిడ్డా?" అంది. ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఊరి పేరు చెప్పగానే ఆవిడ గుర్తుపట్టింది. "మా సుట్టాల పిల్లనే అది. దాని మేనత్త హన్మకొండలనే ఉంటది. అక్కడుంచొచ్చు గదా! నేను మాట్లాడ్త వాళ్ళ నాయినతోని. శివరాత్రికి అందరం రామప్పకు పోతం, అక్కడ్నే మాట్లాడ్త" అంది.

మాట్లాడితే ఒప్పుకుంటాడా అని అడిగాను.

"ఏమో. మొండోడు. గని నా మాట తీసెయ్యడు" అని, సర్వపిండి గిన్నె పొయ్యిమీద పెట్టింది.

శివరాత్రికి నేనూ వస్తానని చెప్పి తెల్లవారుజామున బస్సెక్కాను. మీలో ఎవరైనా రాదలచుకుంటే హన్మకొండ నుంచి పొద్దున్నే బయల్దేరండి. పాండవుల గుట్ట ఎండెక్కకముందే చూసెయ్యాలి, గణపురం మధ్యాహ్నం లోపు, రామప్ప సాయంత్రం. పడమటి ఎండ మదనికల మీద పడే వేళకి అక్కడుండాలి. సర్వపిండి ఎక్కడ దొరుకుతుందని అడక్కండి. అది హోటల్లో దొరికేది కాదు.